వణుకు తగ్గిన ఫట్‌ఫటి

మోటారు సైకిలు ముందు బ్రేకు నొక్కితే హ్యాండిలు ఎందుకు వణుకుతుందో కరీంనగర్ జిల్లా మొత్తంలో నాకంటే బాగా చెప్పగల మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. బండిని ముట్టుకోవలసిన పని కూడా లేదు. అరుగు మీద కూర్చుని, అది వీధిలో పోతుంటే చప్పుడు విని రోగం చెప్పేస్తాను. మా ఊరి బడిలో ఈ విద్య నేర్పలేదు; పంతులుకే రాదు. నమ్మకపోతే లక్ష్మీరాజం ఫట్‌ఫటి సంగతి వినండి.

అది అరవై అయిదో సంవత్సరం. సిరిసిల్లలో మా వాడంతా నేతవాళ్ళదే. చేతి మగ్గాలు మూలకు పోయి, కరెంటుతో నడిచే సాంచెలు వచ్చి వీధినంతా టకటకలాడిస్తున్న రోజులు. ఒక సోమవారం పొద్దున లక్ష్మీరాజం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ తాగాలి. నేత సంఘం కొని తనకిచ్చిన పాత మోటారు సైకిలు, మా మాటలో ఫట్‌ఫటి, ఎక్కి వాడ చివరిదాకా పోవాలి. ముందు బ్రేకు నొక్కి ఆగాలి. తిరిగొచ్చి సాంచె దగ్గర నిలబడాలి.

ఈ చిన్న ప్లాను వెనుక పెద్ద ఆశ ఉంది. లక్ష్మీరాజం పదేళ్ళుగా రోజుకు పన్నెండు గంటలు సాంచెల నడుమ నిలబడుతున్నాడు. ఆ చప్పుడుకు చెవులు మందగించి, పెండ్లాం అనసూర్య మూడుసార్లు పిలిస్తే గాని పలకడం లేదు. ఇప్పుడు సంఘం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి బట్ట నాణ్యం చూసేందుకు ఒక టూరు సూపర్వైజరును పెట్టాలనుకుంది. బొటనవేలితో బట్టను ఒక్కసారి రాసి ఎక్కడ పోగు తప్పిందో చెప్పగలడు కాబట్టి కమిటీ లక్ష్మీరాజం పేరే రాసింది. షరతు ఒక్కటే. నెల దాటకుండా మోటారు సైకిలు లైసెన్సు తేవాలి. తేకపోతే ఆ ఉద్యోగం సంఘం అధ్యక్షుడు పర్శరాములు బామ్మర్ది కొండల్‌కు పోతుంది. కొండల్‌కు లైసెన్సు ఎప్పుడో ఉంది. బట్టకు ఏది ముఖమో ఏది వీపో తెలియదు గాని, లైసెన్సు ఉంది.

లక్ష్మీరాజం వాడ చివరికి పోయి బ్రేకు నొక్కాడు. హ్యాండిలు చలిజ్వరం వచ్చినదానిలా గజగజ వణికింది. ఫట్‌ఫటి దిగి, దాన్ని నెట్టుకుంటూ తిన్నగా హనుమండ్లు సైకిల్ షాపుకు పోయాడు.

"హనుమండ్లన్నా, ముందు బ్రేకు నొక్కంగనే చేతులు వణుకుతున్నయే."

"చేతులు వణుకుతున్నయా, బండి వణుకుతున్నదా?"

"బండి వణుకుతెనే గద చేతులు వణికేది!"

"ఏమో తమ్మీ, నీ పెండ్లిల పుస్తె కట్టేటప్పుడు గుడ వణికినయి. గప్పుడు బండి లేకుండె."

హనుమండ్లు అంటే సామాన్యుడు కాదు. పోలీసు యాక్షన్ నాడు ఒక మిలిటరీ బండి టైరు విప్పాడట. ఆ టైరు కథను పదిహేడేళ్ళుగా విప్పుతూనే ఉన్నాడు. చక్రం ఊడదీసి, బ్రేకు డబ్బా తెరిచి చూశాడు. లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనర్లు జిడ్డుగా మెరుస్తున్నాయి.

"దొరికింది! బేరింగుల గ్రీజు కారి లైనర్ల మీద పడ్డది. తడి పడ్డకాడ జారుతది, పొడిగున్నకాడ పట్టుకుంటది. జారుడు, పట్టుడు, జారుడు, పట్టుడు. అదే వణుకుడు."

పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. వణుకు పోయింది. మంగళవారం లేదు, బుధవారం లేదు, గురువారం లేదు. శనివారం పొద్దున బ్రేకు నొక్కగానే మళ్ళీ గజగజ.

ఈసారి పక్కింటి మొగిలి వచ్చాడు. మొగిలికి పడుగు పోయడంలో పెద్ద పేరు. వేల పోగుల్లో ఏ ఒక్కటి వదులైనా వేలి చివరతో మీటి పట్టేస్తాడు. చక్రం ముందు గొంతుక్కూర్చుని స్పోకులన్నీ ఒక్కొక్కటే గోటితో మీటాడు.

"ఇగో, గిది బిర్రుగున్నది, గిది వదులున్నది. పడుగు గిట్లుంటె బట్ట వంకరొస్తది. చక్రం గుడ గంతే. వంకర చక్రానికి బ్రేకేస్తె వణకక ఏంజేస్తది?"

"చక్రం బట్ట గాదురా మొగిలీ," అన్నాడు హనుమండ్లు.

"బండి సైకిల్ గాదు, నువ్వెందుకు విప్పినవ్?"

హనుమండ్లు చక్రం విప్పి లైనర్లు కడిగి ఇచ్చాడు. మొగిలి పొద్దుగూకేదాకా స్పోకులు సరిచేశాడు. వణుకు పోయింది. మొగిలి ఆ వారమంతా వీధిలో కాస్త ఛాతీ విరుచుకుని నడిచాడు. శనివారం వచ్చింది. వణుకూ వచ్చింది. మొగిలి మామూలుగా నడవసాగాడు.

మూడో వారం హనుమండ్లుకు పౌరుషం వచ్చింది. హ్యాండిలు కింద, బండి మెడలో ఉండే బాల్సు అనే ఇనుప గోళీలు అరిగిపోయాయని తేల్చి, అవి మార్చి, పనిలో పనిగా లైనర్లు మళ్ళీ కడిగాడు. శుక్రవారం దాకా ఫట్‌ఫటి బుద్ధిమంతురాలు. శనివారం మళ్ళీ అదే పాట.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇది లక్ష్మీరాజానికి తెలియదు, హనుమండ్లుకు తెలియదు. శుక్రవారం సాంచెలకు సెలవు. ఆ రోజు నేత ఇళ్ళలో సాంచెలను తుడిచి, బొట్టు పెట్టి, కీలుకీలుకూ నూనె పోస్తారు. లక్ష్మీరాజం తల్లి దేవవ్వ నలభై ఏళ్ళుగా మొదట మగ్గానికీ, తరువాత సాంచెకూ ఈ సేవ తప్పలేదు. ఇంట్లోకి ఫట్‌ఫటి వచ్చిన మొదటి శుక్రవారమే ఆమెకు మనసులో న్యాయం తోచింది. ఇన్నాళ్ళు అన్నం పెట్టినదానికి నూనె పోసి, రేపు అన్నం పెట్టబోయేదాన్ని ఎండబెట్టడమా? పొడుగు ముక్కు నూనె బుడ్డి తెచ్చి, చక్రానికీ బ్రేకు డబ్బాకూ నడుమ సన్నటి సందు చూసి, నాలుగు చుక్కలు వదిలింది. బండిని కొడుకు తప్ప ఎవరూ ముట్టుకోవద్దని తరువాత హనుమండ్లు చెప్పాడు గనుక ఎవరికీ చెప్పలేదు. బండి వణుకుతోందని విన్న తరువాత, పాపం, నాలుగు చుక్కలు చాలడం లేదని ఎనిమిది చేసింది.

నాలుగో వారం, పరీక్ష గురువారమని కార్డు వచ్చింది. కొండల్ పనిగట్టుకుని ఇంటి ముందుకొచ్చి పరామర్శించాడు.

"ఏం లక్ష్మీరాజం బావా, ఇంకా వణుకుతనె ఉన్నదా? ఫికర్ జెయ్యకు. నేనున్న గద."

"నువ్వున్నవనే నా ఫికర్," అన్నాడు లక్ష్మీరాజం.

బుధవారం పొద్దున హనుమండ్లు చివరిసారిగా డబ్బా తెరిచి, కడిగి, బిగించి, దండం పెట్టాడు. ఆ రోజు ఒక పెద్దమనిషి తన అరుగు మీద కూర్చుని, బండి పోతుంటే కీచుమన్న చప్పుడు విని, వీధంతా వినేలా రోగం తేల్చాడు: "లోపట ఎండిపోయింది. గందుకె దగ్గుతున్నది." ఆ పెద్దమనిషి ఎవరన్నది తరువాత చూద్దాం.

మధ్యాహ్నం లక్ష్మీరాజం క్షవరానికి బజారుకు పోయాడు. పరీక్షకు పోయేవాడు గడ్డంతో పోకూడదు కదా. ఫట్‌ఫటి ఇంటి ముందు నీడలో ఒంటరిగా ఉంది.

మొదట అనసూర్య బయటికి వచ్చింది. మూడు వారాలుగా ఆమె లెక్క ఆమె వేసుకుంటోంది. ఇది శనివారం శనివారమే ఎందుకు వణుకుతుంది? బండికి శని పట్టింది. శనికి నువ్వుల నూనె ఇష్టం. గిన్నెడు నువ్వుల నూనె చక్రం నడుమన ధారగా పోసి, కళ్ళు మూసుకుని మొక్కి లోపలికి పోయింది.

తరువాత మొగిలి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పెద్దమనిషి మాట అంతకుముందే చెవిన పడింది. ఎండిపోయిందంటే నూనె పోయడానికి తనకన్నా తెలిసినవాడెవడు? తన సాంచె బుడ్డి సగం ముందు చక్రానికి వంచాడు. ముందుదానికి పోసి వెనుకదాన్ని వదిలేస్తే పంక్తిలో ఒకరికి వడ్డించి ఒకరికి మానినట్టుంటుందని మిగతా సగం వెనుక చక్రానికి వంచాడు.

ఆ తరువాత దేవవ్వ. శుక్రవారం దాకా ఆగితే పరీక్ష అయిపోతుంది. అందుకని ఆ వారం సేవ రెండు రోజులు ముందుకు జరిపింది.

నాలుగో మనిషి కూడా ఒకడు చిన్న సీసాతో వచ్చాడు. అతని పేరు ఇప్పుడెందుకు?

సాయంత్రం లక్ష్మీరాజం నున్నటి గడ్డంతో వచ్చి, గుండె చిక్కబట్టుకుని ఫట్‌ఫటి ఎక్కాడు. వాడ చివర ఎత్తుగా ఉండే చోట బ్రేకు నొక్కాడు. హ్యాండిలు కదలలేదు. మరోసారి నొక్కాడు. పాల మీద మీగడలా నిలకడగా ఉంది. ఎత్తు కావడం వల్ల బండి తనంత తానే ఆగింది. నాలుగు వారాలుగా వణుకుతోందా లేదా అని చూడడమే అలవాటైనవాడు, ఆగుతోందా లేదా అని చూడడం మరిచిపోయాడు.

"పోయిందే! వణుకుడు పోయిందే అవ్వా!" అని అరిచాడు.

వీధిలో నలుగురు మనుషులు, ఒకరికొకరు తెలియకుండా, లోలోపల మురిసిపోయారు.

లైసెన్సు లేనివాడు రోడ్డు మీద నడిపితే పోలీసులు పట్టుకుంటారని, గురువారం పొద్దున ఫట్‌ఫటిని సంఘం బట్టల లారీలో ఎక్కించారు. దాన్ని పట్టుకుని లక్ష్మీరాజం, బట్టల మూటల మీద దేవవ్వ, అనసూర్య, మొగిలి, హనుమండ్లు, నేను. ముందు సీటులో పర్శరాములు. ఆయన భారీ మనిషి. ఎవరొచ్చినా దారి ఇచ్చే అలవాటు లేదు. దారే ఆయన పక్కనుంచి పోవాలి. కరీంనగర్‌లో లారీ దిగి, "నేను గంజ్‌ల పని జూసుకొనొస్త. ఫేలయినంక కబురు జెయ్యుండ్రి," అని వెళ్ళిపోయాడు.

మైదానంలో లైసెన్సులిచ్చే బ్రేకినుస్పెటరు కుర్చీ వేసుకుని ఉన్నాడు. కోస్తా వైపునుంచి బదిలీ మీద వచ్చిన సన్నటి మనిషి. రూలు ప్రకారం ముందు బండిని పరీక్షించాలి, తరువాత మనిషిని. కాని ఎండ ముదిరింది. అప్పుడే చాయ వచ్చింది.

"బండి ఎవరిది?"

"సంఘంది సార్."

"సంఘానిదా? అయితే చూడక్కర్లేదు, కండిషన్లోనే ఉంటుంది," అన్నాడు. ఆయన ఈ జిల్లాకు కొత్త.

చాయ ముగించి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, వెనుక సీటెక్కి కూర్చున్నాడు. "అదిగో, ముగ్గుపిండితో గీత గీశాం చూడు. సరిగ్గా దాని మీద ఆపాలి. పోనియ్యి."

ఫట్‌ఫటి ముద్దుగా కదిలింది. గీత వచ్చింది. లక్ష్మీరాజం బ్రేకు నొక్కాడు. గీత వెనక్కి పోయింది.

"సార్!" అన్నాడు లక్ష్మీరాజం ఆనందంగా. "వణుకుతలేదు సార్!"

"వణకడం కాదయ్యా, ఆపు!"

"జర గుడ వణుకుతలేదు సార్!"

"ఆపవయ్యా బాబూ!"

అప్పుడు గాని లక్ష్మీరాజానికి అసలు సంగతి అర్థం కాలేదు. కాలితో వెనుక బ్రేకు తొక్కాడు. మొగిలి పంక్తిభేదం చూపలేదు కదా, అదీ నున్నగా జారింది. ముందు బ్రేకును మరింత గట్టిగా పిసికాడు. ఇక్కడే చిక్కు. ఫట్‌ఫటికి బ్రేకు పట్టేదీ, స్పీడు పెంచేదీ ఒకే చెయ్యి. భయంతో బిగిసిన ఆ చెయ్యి బ్రేకు నొక్కినకొద్దీ స్పీడు పిడిని కూడా మెలితిప్పుతోంది. ఆపాలనుకున్నకొద్దీ బండి పరుగెత్తింది. ఇంజను బందు చేయాలన్న తెలివి ముందు కూర్చున్నవాడికి రాలేదు, వెనుక కూర్చున్నవాడికి అంతకన్నా రాలేదు.

మైదానం గేటు దాటారు. గంజ్ మార్కెట్లోకి దూరారు. ఎడమ పక్క మిరప రాశులు, కుడి పక్క పత్తి బోరాలు, నడుమ ఎడ్లబండ్లు. లక్ష్మీరాజం పోగుల నడుమ నాడె దూరినట్టు దూరాడు. ఇనుస్పెటరు రెండు చేతులతో అతని నడుము చుట్టేసి, తెలిసిన దేవుళ్ళందరినీ వరుసగా పిలిచాడు. గంజ్ నడిబొడ్డున ఒక ముసలి ఎద్దు దారికడ్డంగా నిలబడి ఉంది. ఎన్నడూ ఎవరికీ దారి ఇవ్వని ఆ ఎద్దు, ఫట్‌ఫటిని చూసి ఒక్క గెంతున మిరప రాశి దాటి, విప్పిన పత్తి బోరాలో నెత్తిదాకా దిగబడింది. ఫట్‌ఫటి మాత్రం ఒక్క మనిషిని తాకకుండా గంజ్ దాటి, పల్లం దిగి, మానేరు ఏటి ఇసుకలో చక్రాలు సగం కూరుకుపోయి తనకు తానే ఆగింది. ఆగినప్పుడు కూడా వణకలేదు.

ఏట్లో బట్టలు ఉతుకుతున్నవాళ్ళు చుట్టూ మూగారు. కాసేపటికి మేమంతా లారీలో అక్కడికి చేరాము. మా వెనుకనే పర్శరాములు తుమ్ముకుంటూ వచ్చాడు. ఆయన మీసాలకు పత్తి ఎందుకు అంటుకుందో అప్పుడెవరూ అడగలేదు.

హనుమండ్లు ఇసుకలోనే కూర్చుని ముందు చక్రం విప్పాడు. బ్రేకు డబ్బా తెరవగానే సోలెడు నూనె ధారకట్టింది.

"ఇగ జూడుండ్రి!" అని నెత్తి కొట్టుకున్నాడు. "నాలుగు చుక్కలు వడ్తె వణుకుతది. సోలెడు వోస్తె వణుకుడు బందు, బ్రేకు గుడ బందు. ఎవల్రా వోసింది?"

హనుమండ్లు వేలు ముంచి వాసన చూశాడు.

"సాంచె నూనె."

దేవవ్వ, మొగిలి ఇద్దరూ ఒకేసారి ఆకాశం వైపు చూశారు.

"నువ్వుల నూనె."

అనసూర్య కొంగు సర్దుకుంది.

"గిది... గిదేందిరా బై, ఆముదం! ఫట్‌ఫటికి ఆముదం తాపినోడెవడు? దానికేమన్న కడుపునొప్పా?"

అందరూ నా వైపు తిరిగారు. మా ఇంట్లో ఆముదం తప్ప వేరే నూనె లేదు మరి. ఆ సంగతి వాడంతా ఎరుగును. చప్పుడు విని రోగం చెప్పిన పెద్దమనిషిని నేనే, సీసాతో వచ్చిన నాలుగో మనిషినీ నేనే. మొదట్లో నేను కొట్టిన గొప్పలో మార్చవలసింది ఏమీ లేదు. ముందు బ్రేకు ఎందుకు పట్టదో నాకంటే బాగా తెలిసినవాడు జిల్లాలో నిజంగానే లేడు.

"మీరంత పాగల్ గాండ్లా!" అన్నాడు లక్ష్మీరాజం. కోపంతో కాదు, ఏడుపు ఆపుకుంటున్నాడు. "ఇగ నేను సాంచె కాడనే సావాలె."

"నీ మంచికే జేసిన బిడ్డా," అంది దేవవ్వ. "వణుకుడు వోయిందా లేదా?"

పర్శరాములు ముందుకొచ్చాడు. కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. "సార్, గీనిని ఫేల్ జెయ్యుండ్రి. ఉత్తగ గాదు, అంతా కాగితం మీద రాయుండ్రి. బ్రేకుల్లేని బండి మైదానంల ఎట్ల లేసింది, మీరెట్ల ఎక్కిన్రు, ఏడిదాంక వొయిన్రు, అన్ని రాయుండ్రి. కలెక్టరుకు పంపుత!"

ఇనుస్పెటరు అప్పటికే రిజిస్టరు తెరిచి, 'ఫెయిల్' అని రాయడానికి పెన్ను మూత తీశాడు. ఆ మాట వినగానే పెన్ను గాలిలో నిలిచింది. బట్టలు ఉతికే ముసలవ్వ ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా అడిగింది:

"అయితె సారూ, బ్రేకులు జూసే కొలువు మీదే గద. మీరు జూడకుంటనే ఎక్కిన్రా?"

ఇనుస్పెటరు ముసలవ్వను చూశాడు, పర్శరాములును చూశాడు, నూనె ఇంకిన ఇసుకను చూశాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు.

"చూడకుండా ఎందుకు ఎక్కుతానమ్మా? చూసే ఎక్కాను. బ్రేకులు ఉన్న బండిని ఎవడైనా నడుపుతాడు. లేని బండిని నడపగలడా లేదా అన్నదే ఇవాళ పరీక్ష. గంజ్ దాటించాడు. ఒక్క మనిషికి గీత పడలేదు. మనిషి పాస్. బండి ఫెయిల్. రిపేరు చేయించి తెచ్చేదాకా రోడ్డెక్కకూడదు."

ఇసుకలోనే, మొగిలి వీపు మీద రిజిస్టరు పెట్టి సంతకం చేశాడు. పర్శరాములు ఏదో అనబోయి, తుమ్మాడు.

అలా లక్ష్మీరాజం టూరు సూపర్వైజరు అయ్యాడు. సంఘం కమిటీ ఫట్‌ఫటి రిపేరు మీద పదకొండు మీటింగులు పెట్టింది. అన్నాళ్ళూ అతను జేబులో లైసెన్సు భద్రంగా పెట్టుకుని, హనుమండ్లు షాపులోని సైకిలు మీద ఊళ్ళు తిరిగాడు. సాంచెల చప్పుడుకు దూరమై ఆరు నెలలకు చెవులు కాస్త బాగుపడ్డాయి. అనసూర్య రెండుసార్లు పిలిస్తేనే పలకసాగాడు.

ఇదంతా జరిగినది జరిగినట్టే చెప్పాను. ఆముదం దాచుకోవలసిన చోట కూడా దాచుకోలేదు. నేను కల్పించింది ఒక్కటే, గంజ్‌లో ఆ ఎద్దు. పర్శరాములు మనవడు ఇప్పుడు మా ఎదురింట్లోనే ఉంటున్నాడు, పుస్తకాలు బాగా చదువుతాడు.